గరుడముక్కు మలుపులో ఎర్ర జాడ

హేమగిరి కొండ అంచుల మీద తొలి వెలుగు అప్పుడప్పుడే జారుతోంది. కొండను చుట్టి వచ్చే రథాల బాటకు రెండువైపులా పట్టు జెండాలు ఎగురుతున్నాయి. ఏనుగుల మీద భేరీలు మోగుతున్నాయి. మేడల మీదినుంచి ఆడవాళ్ళు గుప్పిళ్ళతో చల్లే బంతిపూల రేకులు గాలికి తేలి లోయలోకి రాలుతున్నాయి. చూడటానికి రెండు కళ్ళూ చాలవు. కానీ కనకశిల యువరాజు వజ్రకేతుడికి ఆ శోభ ఒక్కటీ కంటికి ఆనలేదు. ఆయన చూపంతా పసుపు జెండా కట్టిన రథం దగ్గరే అతుక్కుపోయింది. అక్కడ రాకుమారి మందారవల్లి నిలబడి, సింగన్న ఏదో అంటే పడీపడీ నవ్వుతోంది.

సింగన్న ఏ దేశపు రాజకుమారుడో అనుకునేరు. రాజుగారి అశ్వశాలలో గుర్రాలకు గడ్డి వేసేవాడి కొడుకు. కానీ పగ్గాలు పట్టాడంటే వాణ్ణి మించినవాడు ఆ కొండల్లో లేడు. ఆ సంగతి వాడికీ బాగా తెలుసు. అందుకే ఎప్పుడు చూసినా ఈల వేసుకుంటూ తిరుగుతుంటాడు. ఆ ఈల వినబడితే చాలు, వజ్రకేతుడికి చెవిలో జోరీగ దూరినట్టుండేది.

ఆనాటి పందెం సరదా పందెం కాదు. హేమగిరి రాజు సుధర్ముడు రాయి అయిపోతున్నాడు. కూతురిని తనకిచ్చి పెళ్ళి చెయ్యనన్నాడన్న కసితో కరాళదంష్ట్రుడనే మాంత్రికుడు పెట్టిన శాపం అది. పాదాల దగ్గర మొదలైన రాయి మోకాళ్ళు దాటి, నడుము దాటి, గుండె కిందికి వచ్చి ఆగింది. గుండెను తాకిందంటే అంతటితో సరి. నీలజ్వాలల లోయలో ఉన్న అగ్నిశంఖాన్ని తెచ్చి ఆయన చెవి దగ్గర ఊదితే శాపం విడిపోతుంది. రాజు రక్తం పంచుకు పుట్టినవాళ్ళకు తప్ప ఆ శంఖం మరొకరి చేతికి రాదు. కనక రాకుమారి స్వయంగా వెళ్ళాలి. ఆ లోయకు పోయే దారి కొండ అంచు పట్టుకుని సాగుతుంది. కాస్త పక్కకు తప్పితే పాతాళమే. అటువంటి దారిలో ఆమె రథం తోలగలవాడెవడో తేల్చడానికే పందెం పెట్టారు. వచ్చినవాళ్ళంతా ఓడిపోగా చివరికి బరిలో మిగిలింది వజ్రకేతుడు, సింగన్న.

వజ్రకేతుడు మందారవల్లిని ప్రేమించాడు. ఆ ముక్క ఆమెతో మాత్రం చెప్పలేదు. నిలువుటద్దం ముందు నిలబడి చాలాసార్లు చెప్పుకున్నాడు.

హేమగిరి పందేలకు ఒక ఆచారం ఉంది. ప్రతి రథానికీ ఇరుసు కింద రంగుపొడి నింపిన సంచి కడతారు. సంచికి అడుగున సన్నటి చిల్లు ఉంటుంది. రథం పోయిన దారి పొడుగునా రంగు జాడ పడుతుంది. పందెం ముగిశాక జాడపెద్ద వచ్చి ఆ జాడలు చూసి, ఎవరు ఎక్కడ ఎలా తోలారో చెబుతుంది. ముందున్న రథం తన దారి కాచుకోవడానికి ఒక్కో మలుపులో ఒక్కసారి పక్కకు జరగవచ్చు. రెండోసారి జరగకూడదు. వెనకాల గుర్రం మూతి తన చక్రం పక్కకు వచ్చిందంటే ఆ జాగా ఇక వెనకవాడిది. హేమగిరిలో బొమ్మ రథాలతో ఆడుకునే పిల్లలు కూడా ఈ కట్టు తప్పరు.

ఆ సంచులను రాకుమారి తన చేత్తో కట్టాలి. అదీ ఆచారమే.

వజ్రకేతుడు తన రథం దగ్గర మొహం మాడ్చుకుని నిలబడి ఉండగా పూలబుట్టతో ఒక ముసలమ్మ వచ్చింది. పసుపు సంచిని రాకుమారి స్వయంగా ముడివేసిందనీ, ఎర్ర సంచి దగ్గరికి వచ్చేసరికి దాసీ చేతిలో పెట్టి వెళ్ళిపోయిందనీ జాలిగా చెప్పింది. గడ్డి వేసేవాడి కొడుక్కి ఉన్న అదృష్టం మహారాజుల బిడ్డకు లేకపోయిందని నిట్టూర్చింది కూడా. వజ్రకేతుడి కడుపు భగ్గున మండింది. లోకంలో తన బాధ తెలిసిన మనిషి ఆ ముసలమ్మ ఒక్కతే అనిపించింది. వేలికున్న మాణిక్యపు ఉంగరం తీసి బుట్టలో పడేశాడు. ముసలమ్మ నవ్వింది. ఆ పళ్ళు ఆమె వయసుకు తగ్గట్టు లేవు. తెల్లగా, పొడుగ్గా, కొనదేలి ఉన్నాయి. చూస్తే తెలిసేది. కానీ యువరాజు మళ్ళీ పసుపు రథం వైపే చూస్తున్నాడు.

శంఖం మోగింది. రథాలు రెండూ దూకాయి.

వజ్రకేతుడు తక్కువవాడేమీ కాదు. మొదటి మలుపులోనే ముందుకు వచ్చేశాడు. పైన్నుంచి దొర్లిపడే రాళ్ళను తప్పించుకున్నాడు. జలపాతం బాట మీద పడేచోట గుర్రాల కళ్ళకు గంతలు లాగి చీకట్లోనే దాటించాడు. ఆ తర్వాత బాట తెగిపోయి ఒక గండి ఉంది. వజ్రకేతుడు చుట్టుదారి పట్టి వంతెన మీదుగా వెళ్ళాడు. వెనకాల సింగన్న వంతెన జోలికే పోలేదు. పగ్గాలు వదిలేసి పొడుగ్గా ఒక్క ఈల వేశాడు. గుర్రాలు రథంతో సహా గండి మీదినుంచి ఎగిరి అవతల దిగాయి. జనం వెర్రెత్తినట్టు అరిచారు. అందులో మందారవల్లి గొంతు కూడా ఉందని వజ్రకేతుడికి అనిపించింది. అంత దూరం నుంచి ఒక మనిషి గొంతు ఎలా వినపడుతుంది? కుళ్ళుకున్నవాడి చెవులకు అన్నీ వినపడతాయి.

గరుడముక్కు మలుపు వచ్చింది. ఒకవైపు నిలువుగా కొండ, మరోవైపు లోయ. సింగన్న కొండ వైపు నుంచి దూరబోయాడు. వజ్రకేతుడు అటు జరిగి అడ్డుకున్నాడు. అది న్యాయమే. సింగన్న వెంటనే లోయ వైపుకు మళ్ళాడు. పసుపు రథపు గుర్రం మూతి ఎర్ర రథం చక్రం పక్కకు వచ్చింది. దాని ఊపిరి వజ్రకేతుడి మోచేతికి తగిలింది. అంతలో మళ్ళీ ఆ పాడు ఈల.

వజ్రకేతుడు పళ్ళు నూరి లోయ వైపు పగ్గం లాగాడు.

పసుపు రథానికి జాగా లేకపోయింది. సింగన్న ఒక్క ఊపున వంగి కాడి చీల ఊడబెరికాడు. గుర్రాలు విడిపోయి బాట మీదే నిలదొక్కుకున్నాయి. రథం మాత్రం సింగన్నతో సహా అంచు దాటి పోయింది.

గెలుపు తోరణం కింద ఎర్ర రథం ఆగింది. భేరీ ఒక్కటీ మోగలేదు. యువరాజు ఛాతీ విరుచుకుని దిగి చుట్టూ చూశాడు. ఆయన మీద పూలు చల్లేవాళ్ళెవరూ లేరు. మందారవల్లి అప్పటికే చెప్పులు విడిచేసి మలుపు వైపు పరుగెత్తుతోంది. మోకులు దింపి, లోయ గోడలో మొలిచిన ముళ్ళపొదలో చిక్కుకున్న సింగన్నను పైకి లాగారు. ప్రాణం ఉంది. రెండు చేతులూ విరిగిపోయాయి. రాకుమారి వాడి తలను ఒడిలో పెట్టుకుని నీళ్ళు తాగించింది. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది గానీ, చావు తప్పి పైకి వచ్చిన ఆ మనిషిని చూసి కూడా వజ్రకేతుడు ఆ ఒడి కోసం అసూయపడ్డాడు.

మంత్రి విశాలమతి యువరాజును శూలం ఎక్కించమన్నాడు. కనకశిల దండనాయకుడు కత్తిమీద చెయ్యి వేసి, పడినవాడు బతికే ఉన్నాడు కదా, నాలుగు వరహాలు పారేస్తే సరిపోతుందన్నాడు. రెండు పక్షాలూ కొట్టుకోబోతుంటే జాడపెద్ద అంకమ్మ వచ్చింది. ముగ్గుబుట్టలాంటి తల, నోట్లో తాంబూలం, చేతిలో వెదురుకర్ర. ఎవరి మొహమూ చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని మలుపు పొడుగునా జాడలు చూసుకుంటూ పాకింది. చాలాసేపటికి లేచి యువరాజును పిలిచింది. ఆయన గుర్రం బెదిరిందని చెప్పాడు. ముందున్నవాడికి దారి కాచుకునే హక్కు లేదా అని కూడా అడిగాడు.

"ఉంది నాయనా. ఇదిగో, ఇక్కడ కాచుకున్నావు. దానికి నిన్ను ఒక్క మాట అనను," అంది అంకమ్మ, కర్రతో ఎర్ర జాడ చూపిస్తూ. "ఇక్కడికొచ్చేసరికి పసుపు నీ పక్కకు వచ్చేసింది. వచ్చాక జరిగావు. బెదిరిన గుర్రం వంకరలు పోతుంది. ఇది కత్తితో కోసినట్టు తిన్నగా ఉంది. దీన్ని దారి కాయడం అనరు. మనిషిని తొయ్యడం అంటారు."

మంత్రి మళ్ళీ శూలం మాట ఎత్తాడు. దండనాయకుడు మళ్ళీ వరహాల మాట ఎత్తాడు. అంకమ్మ ఇద్దరినీ కసిరింది. పడినవాడు బతికితే తప్పు తగ్గదనీ, చస్తే పెరగదనీ, అక్కడ ముళ్ళపొద మొలిచి ఉండటం ఈ యువరాజు మంచితనమేమీ కాదనీ అంది. తను చూసేది జాడనే తప్ప గాయాన్ని కాదంది. ఆపైన తీర్పు చెప్పింది. గెలుపు చెల్లదు. ఎర్ర సంచి విప్పెయ్యాలి. అక్కడితో ఆగితే వజ్రకేతుడు ఊపిరి పీల్చుకునేవాడే.

"నీవల్ల వాడికి చేతులు లేకుండా పోయాయి. అవి అతుక్కునేదాకా నీ చేతులు వాడివి," అంది అంకమ్మ. "రథానికి పసుపు సంచే కడతాం. వాడి గుర్రాలే కడతాం. రాకుమారి పక్కన వాడు కూర్చుంటాడు. వాడు చెప్పినట్టు నువ్వు తోలతావు. నిన్ను శూలం ఎక్కిస్తే అక్కడ రాజుగారి గుండెకు రాయి తగులుతుంది. నాకు అంత తీరిక లేదు."

అంతసేపూ వజ్రకేతుడు లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది. తన సంచిని దాసీ చేత కట్టించినందుకు రాకుమారినే తప్పుపట్టాడు. మందారవల్లి అర్థంకానట్టు చూసింది.

"మీ సంచి చేతిలోకి తీసుకున్నాను, అంతలో నాన్నగారికి ఊపిరాడటం లేదని కబురొచ్చింది. పరుగెత్తాను," అంది. "తిరిగి వచ్చేసరికి వేళ అయిపోయింది. మీరు ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని యువరాజా."

ఆ మాటకు ఆయన తల దించుకున్నాడు. నిజం తెలిసింది కదా, ఇక కుళ్ళు పోయి ఉంటుందని ఎవరైనా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. సిగ్గు వచ్చి చేరిందే గానీ అసూయ ఎక్కడికీ పోలేదు. ఒకే ఇంట్లో రెండూ కాపురం పెట్టాయి.

వెంటనే కొత్త రథం కట్టారు. బద్దలు కట్టిన చేతులతో సింగన్నను ఎక్కించారు. రాకుమారి పక్కన కూర్చుంది. వజ్రకేతుడు ముందు నిలబడి పగ్గాలు పట్టాడు.

నీలజ్వాలల లోయ దారి మనుషులు వేసిన దారిలా ఉండదు. ఒకచోట రాళ్ళన్నీ నెమలికంఠం రంగులో మెరుస్తాయి. ఒకచోట తీగలకు పూలకు బదులు చిన్న చిన్న దీపాలు పూసి ఉంటాయి. దగ్గరికి పోతే అవి దీపాలు కావు, ఆకలిగొన్న పక్షుల కళ్ళు. అవి ఒక్కుమ్మడిగా మీద పడ్డాయి. తల వంచుకుని కుడివైపు తోలమన్నాడు సింగన్న. వజ్రకేతుడు తోలాడు. రాకుమారి కత్తి దూసి రెక్కలు నరికింది. అది దాటగానే బాటే పాములా మెలికలు తిరగసాగింది. ఆపకుండా వేగం పెంచమన్నాడు సింగన్న. వజ్రకేతుడు పెంచాడు. ప్రతిసారీ సింగన్న మాటే నిజమైంది. అదే యువరాజుకు మింగుడు పడలేదు. ఒక్కసారైనా వీడు తప్పు చెబితే బాగుండునని మనసులో మొక్కుకున్నాడు. తప్పు చెబితే ముందు చచ్చేది తనేనన్న సంగతి కూడా తోచలేదు ఆ మహానుభావుడికి. వెనకాల రాకుమారి సింగన్న నోటికి నీళ్ళచెంబు అందిస్తున్న చప్పుడు. నీళ్ళు తాగడానికి అంతసేపా?

బాట తెగి గండి వచ్చింది. సింగన్న పగ్గాలు వదలమన్నాడు. తన గుర్రాలు ఈలకే ఎగురుతాయనీ, అప్పుడు పగ్గం బిగిసి ఉంటే వాటి మెడలు విరుగుతాయనీ చెప్పాడు. ఈల వేశాడు. ఆ ఈల చెవిన పడగానే వజ్రకేతుడి పిడికిళ్ళు వాటంతట అవే బిగుసుకున్నాయి. గుర్రాలు సగం ఎగిరి సగం వెనక్కి గుంజుకున్నాయి. రథం అవతలి గట్టుకు డొక్క కొట్టుకుని, చక్రం పగులుతూ ఎలాగో పైకెక్కింది. రాకుమారి భుజానికి దెబ్బ తగిలి నెత్తురు కారింది. ఆమె కొంగు చింపి గాయానికి కట్టుకుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది యువరాజుకు.

చాలా దూరం పోయాక వజ్రకేతుడే, వెనక్కి తిరగకుండా, మనసులో గుచ్చుకుంటున్న ప్రశ్న అడిగేశాడు. గరుడముక్కు దగ్గర సింగన్న కాడి చీల పీకకుండా తిన్నగా వచ్చి గుద్ది ఉంటే ఎర్ర రథం చక్రం విరిగేది. వజ్రకేతుడూ లోయలో పడేవాడే. అంత తెలిసినవాడు ఎందుకు గుద్దలేదు?

"మీ గుర్రాలు ఏం పాపం చేశాయి దొరా?" అన్నాడు సింగన్న.

అంతే అన్నాడు. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు. ఉంటే వజ్రకేతుడికి కాస్త ఊరటగా ఉండేది.

అప్పుడే ముందు దుమ్ము లేచింది. ఎక్కడినుంచి ఊడిపడిందో, బాటకు నడుమ ఒక నల్ల రథం పోతోంది. దాని ఇరుసు కింద ఎర్రపొడి కారుతోంది. అవతల లోయ ముఖద్వారం కనిపిస్తోంది. అందులో నీలిమంటల నడుమ శంఖం తెల్లగా మెరుస్తోంది. కొండల వెనక నుంచి హేమగిరి కోట గంట ఒకటే పనిగా మోగడం మొదలైంది. రాయి గుండెకు దగ్గరపడితే మోగించమని చెప్పి వచ్చిన గంట అది. మందారవల్లి రథం అంచు గట్టిగా పట్టుకుంది.

వజ్రకేతుడు కొండ వైపు నుంచి దాటబోయాడు. నల్ల రథం అటు జరిగి అడ్డుపడింది. లోయ వైపు మళ్ళాడు. తన గుర్రం మూతి నల్ల చక్రం పక్కకు వచ్చింది. నల్ల రథం తోలేవాడు తల తిప్పి చూశాడు.

ఆ మొహం వజ్రకేతుడిదే. అదే మీసం, అదే కిరీటం, అదే మండే చూపు. పగ్గాలు పట్టిన వేలికి మాణిక్యపు ఉంగరం. నవ్వితే మాత్రం పళ్ళు తెల్లగా, పొడుగ్గా, కొనదేలి ఉన్నాయి. పూలబుట్ట ముసలమ్మ ఎవరో యువరాజుకు ఇప్పుడు తెలిసింది.

"కరాళదంష్ట్రుడు. నా ఉంగరంతో నా రూపు ఎత్తాడు," అన్నాడు వజ్రకేతుడు. "ఆ ఉంగరం నేనే ఇచ్చాను."

మాంత్రికుడు లోయ వైపు పగ్గం లాగాడు. గరుడముక్కు దగ్గర వజ్రకేతుడు ఎలా లాగాడో అచ్చం అలాగే. పసుపు రథానికి జాగా పోయింది. పగిలిన చక్రం అంచు దాటి గాలిలో తిరుగుతోంది. బాట ముందుకు లేదు, పక్కకు లేదు. లోయకు అడ్డంగా అవతల శంఖం ఉన్న రాతి తిన్నె ఒక్కటే ఉంది. మధ్యలో గాలి.

"దొరా, వదిలెయ్యండి," అన్నాడు సింగన్న.

వజ్రకేతుడు ఒక్కసారి వెనక్కి చూశాడు. భయంతో మందారవల్లి సింగన్న భుజాన్ని వాటేసుకుని ఉంది. ఆయన కడుపులో మంట మళ్ళీ భగ్గుమంది. ఏమీ తగ్గలేదు. పిడికిళ్ళు బిగుసుకోబోయాయి.

బిగుసుకోబోతున్న ఆ పిడికిళ్ళను విప్పి, పగ్గాలు గాలిలోకి వదిలేశాడు. ఎప్పుడెప్పుడు వినపడుతుందా అని ఆ ఈల కోసం చెవులు రిక్కించాడు.